కొన్నమ్మ బొమ్మలు

ఈ ఎలుగుబంటి బస్తాలో పట్టదు. తల దూర్చితే కాళ్లు బయట, కాళ్లు దూర్చితే తల బయట, పోనీ నడుం విరిచి కుక్కుదామంటే లోపల ఏం నింపి చచ్చారో గానీ మళ్లీ లేచి కూర్చుని నా మొహంలోకే చూస్తుంది, అచ్చం దీన్ని కొన్నావిడలాగే. కొన్నావిడ అంటే మా వదిన, మా ఆయన అక్క, విజయనగరం అనూరాధ. ఇంకో గంటలో ఆవిడ ఈ గుమ్మంలో అడుగు పెడుతుంది. మా ఆయన అన్నం తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కున్నాడో లేదో, బండి తీసుకుని కాంప్లెక్సుకి పరిగెత్తాడు, అక్క బస్సు దిగేసరికి తమ్ముడు ఎదురుగా లేకపోతే శ్రీకాకుళం మునిగిపోతుంది మరి. నిన్న పప్పన్నం కలుపుకుంటూ, ఉప్పు కాస్త తక్కువైందన్నంత తేలిగ్గా చెప్పాడు. "శ్రావణిని ఈ జూన్ నుండి ఇజినారంలో సదివిద్దాం. అక్క సీటు మాటాడీసింది. ఆళ్లింట్లోనే ఉంటాది. సెలవుల్లోనే అలవాటు పడితే మంచిదని అక్క రేపొచ్చి తీసుకెళ్లిపోతానంది." ఎవర్ని అడిగి, అన్నాను. గరిటె చేతిలోనే ఉంది, ఎందుకు విసరలేదో ఇప్పటికీ నాకు తెలియదు. "అలగంటే అక్క ఏటనుకుంతాది?" అన్నాడు ఉమాశంకర్. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మనిషి నోట్లో ఉన్నది ఆ ఒక్క మాటే. అక్క ఏటనుకుంతాది. భార్య ఏమనుకుంటుందో కనుక్కోవడానికి ఆయన ఇంకో జన్మ ఎత్తాలి.

అందుకే ఈ గది పని పట్టాను. పిల్లని పక్కింటి రాణి వాళ్లింట్లో టీవీ ముందు కూర్చోబెట్టి వచ్చి, బియ్యం బస్తాలు దులిపి, కొంగు బొడ్లో దోపి కూర్చున్నాను. వదిన కొన్నవన్నీ బస్తాల్లోకి. బస్తాలన్నీ వదినతో విజయనగరానికి. పిల్ల మాత్రం ఇక్కడే. యూట్యూబులో ఒకావిడ ఇల్లు సర్దుకోవడం నేర్పుతుంది, తెల్ల గోడలు, తెల్ల గుడ్డలు, ఆ ఇంట్లో పిల్లలున్న జాడే ఉండదు. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకోండి, ఇది నాకు సంతోషం ఇస్తుందా అని మనసుని అడగండి, ఇవ్వకపోతే దానికి థాంక్స్ చెప్పి పంపించేయండి అంటుంది. ఒళ్లు మండించే వస్తువుల సంగతి ఆవిడ చెప్పలేదు. ఈ గులాబీరంగు వంటింటి సెట్టు ఉంది, స్టవ్వు, సింకు, మీట నొక్కితే కుళాయిలోంచి నిజంగా నీళ్లు కూడా వస్తాయి, నా వంటింట్లో కుళాయికి రోజు విడిచి రోజు గానీ రావు. దీన్ని చేతిలోకి తీసుకుంటే నాకేం వస్తుందో తెలుసా అమ్మా యూట్యూబు, పళ్లు పటపటమంటాయి. దీన్ని తెచ్చిన రోజు వదిన ఇదే గదిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని పిల్లతో, "మీయమ్మకి వంట రాదు గానీ నువ్వు నాకు వండిపెట్టే తల్లీ" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ అన్నీ నవ్వుతూనే అంటుంది. మొహాన కొడదామంటే ఎక్కడా దెబ్బ కనపడనివ్వదు, అదీ ఆవిడ తెలివి. పో, బస్తాలోకి పో.

ఈ పజిళ్లలో సగం ముక్కలు లేవు. ఈ రైలుకి పట్టాలున్నాయి గానీ ఇంజను లేదు. ఈ పిచ్చిబొమ్మ పొట్ట నొక్కితే ఐ లవ్ యూ అంటుంది, బస్తా అడుగున పడేశానా, పైన ఏది వేసినా దాని పొట్ట నొక్కుకుని లోపల్నుంచి ఐ లవ్ యూ, ఐ లవ్ యూ. నోర్ముయ్యవే. బ్యాటరీ తీద్దామంటే వెనక స్క్రూ, స్క్రూడ్రైవరు ఆయన ఎక్కడ పెడతాడో ఆ దేవుడికే తెలియాలి. ఒకప్పుడు ఇది నా గది. గది అంటే పెద్ద గదేం కాదు, సామాన్ల గది, కిటికీ మాత్రం తూర్పుకి ఉంది, పొద్దున్న వెలుతురు బాగా పడుతుంది, ఆ కిటికీ దగ్గర నా కుట్టుమిషను ఉండేది. జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పుడూ కుడుతున్నాను, వరండాలో, వాన జల్లు కొడితే మిషను మీద టార్పాలిన్ కప్పుకుని. పిల్లకి మూడో ఏడు రాగానే వదిన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "మా పిల్ల ఆడుకోడానికి ఓ గది ఉండాలి గదరా తమ్ముడూ, ఈ మిషను బయట పడీ" అంది. పడీ అంది. అంతే, మర్నాటికి మిషను బయట, గోడలకి గులాబీరంగు, రంగు డబ్బా కూడా విజయనగరం నుంచే, గోడ మీద ఒక కోట స్టిక్కరు. రాజుగారి కోట ఉన్న ఊరి నుంచి వచ్చింది కదా, ఇక్కడ కూడా కోట లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. ఇద్దరు మగపిల్లల్ని కన్నది, ఇద్దర్నీ హాస్టళ్లలో పడేసింది. ఆడపిల్ల లేదన్న కొరత. కొరత ఉంటే ఉండనీ, ఊళ్లో అందరికీ ఏదో ఒక కొరత ఉంటుంది, అందరూ పక్కవాళ్ల ఇంట్లోకి చెయ్యి పెడుతున్నారా?

మా పిల్ల. ఆ మాట ఆవిడ ఎంత నిబ్బరంగా అంటుందో. దానికి కారణం ఉంది. శ్రావణికి ముందు నాకు ఇద్దరు పుట్టారు. ఒకడు పుడుతూనే పోయాడు, ఇంకొకతె పురిటి స్నానం కాకుండానే పోయింది. అంతకు మించి ఆ సంగతి నేను ఎవరితోనూ మాట్లాడను. మూడోసారి శ్రావణి పుట్టినప్పుడు మా అత్తగారు కూర్మమ్మ ఇంక ఎవరి మాటా వినలేదు. మా వైపు ఒక పద్ధతుంది, పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన పిల్లని తవుడికి అమ్మేస్తారు. చేటలో పడుకోబెట్టి పెరట్లో పెంట దగ్గర పెడతారు, ఈ పిల్ల మాకొద్దంటారు, ఎవరో ఒకావిడ చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది, కొనుక్కుని మళ్లీ కన్నతల్లి చేతికే ఇచ్చి, నా పిల్లని పెంచి పెట్టమంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ఆ చావు వచ్చి చూస్తే, ఇది నువ్వు వెతుకుతున్న తల్లి పిల్ల కాదు, పరాయి పిల్ల అని దాని కళ్లు కప్పడానికి. అందుకే మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ వీధిలో పిలిచినా ఒక తవిటినాయుడో తవిటమ్మో పలుకుతారు. నేను పురిటి మంచం మీద ఉన్నాను, లేచి కూర్చునే ఓపిక లేదు, పెరటి తలుపు ఓరగా తీసుంది, అన్నీ వినపడ్డాయి. "ఈ గుంట మాకొద్దమ్మా, ఎవులైనా కొనుక్కుంతారా?" అని అత్తగారు అరిచింది. "నాను కొంతాను" అని వదిన. "ఏటిత్తావే?" "సేటడు తవుడిత్తాను." ఎవరో నవ్వారు కూడా. ఇది ఆటే కదా, ఉత్తుత్తి బేరమే కదా అని నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ తర్వాత వదిన పిల్లని తెచ్చి నా పక్కలో పెట్టి, "నా గుంటని జాగర్తగా పెంచు మరి" అంది. అందరికీ అది ఆట. ఆవిడకి ఒక్కదానికే కాదు.

బేరం తిరగవేయడం కూడా ఉంది. పిల్ల గట్టిపడ్డాక, చెవులు కుట్టించే నాడు, తల్లి చేటెడు బియ్యం ఇచ్చి పిల్లని తిరిగి కొనుక్కోవాలి. శ్రీకూర్మంలో చెవులు కుట్టించాం. చేటలో బియ్యం పోసి, పసుపు కుంకుమ వేసి, నేనే పట్టుకుని నిలబడ్డాను, చేతులు లాగేస్తున్నాయి, ఎండకి కాళ్లు కాలిపోతున్నాయి. వదిన పిల్లని ఒళ్లో పెట్టుకుని లేవలేదు. "మొన్నే గదే గుంటకి జొరం తగ్గింది, ఇప్పుడే ఎందుకు, ఇంకో ఏడు పోనీ" అంది. అత్తగారు కూడా భయపడింది, పోనీలే శైలూ అంది. పోనిచ్చాం. ఆ వానాకాలంలోనే అత్తగారు పోయింది, ఆ తర్వాత ఇంక అడిగే నాథుడు లేడు, నేను అడిగితే వదిన నవ్వుతుంది, "బీకాం సదివినావు, నీక్కూడా ఇయ్యేటే?" అంటుంది. సరే, నాకు ఈ నమ్మకాలేం లేవనుకుందాం, మరి ఆవిడ పిల్లకి కొన్నమ్మ అని పిలవడం ఎందుకు నేర్పింది? మేనత్త అంటే అత్త అనాలి. అందరి పిల్లలూ అంటారు. మా పిల్ల మాత్రం కొన్నమ్మా అంటుంది, పొద్దున్నే వీడియో కాల్లో అవతల్నుంచి నా తవిటమ్మ లేసిందా అని వినపడగానే పళ్లు తోముకోవడం ఆపేసి, నురగ కారుతున్న నోటితో కొన్నమ్మా. స్కూల్లో వార్షికోత్సవానికి ఆవిడ నాకంటే ముందొచ్చి అమ్మలు కూర్చునే వరసలో కూర్చుంది. టీచరు వచ్చి నన్ను మీరు ఏమవుతారండీ అని అడిగింది.

నన్నే అడిగింది. ఏం చెప్పాను నేను? పిల్ల మా ఇంట్లో ఉంటుందండీ అన్నాను. ఛీ. ఎందుకన్నానో నాకు తెలుసు, ఎవరికీ చెప్పుకోలేని సంగతి అది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఇది నా పిల్ల అని నేను పైకి అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. చీటీలో పేరు రాసిన నర్సుకి కూడా తల దించుకుని శైలజ అని నా పేరు చెప్పానే గానీ తల్లిని అనలేదు. డాక్టరమ్మ సూదిమందుల వల్ల బతికిందని తెలుసు, తవుడు వల్ల ఎవరూ బతకరని తెలుసు, తెలిసి ఏం చేసుకోను, పిల్లకి ఒళ్లు వెచ్చబడిందంటే చాలు, నా లోపల ఎక్కడో అత్తగారి గొంతు నోరు మూసుకోవే శైలూ అంటుంది, ఎత్తుకుపోయేవాళ్లు వింటారే అంటుంది. నేను నోరు మూసుకున్నాను. నా భయాన్ని వదిన పసిగట్టేసింది. ఆవిడ ఇన్నాళ్లూ తిన్నది ఆ భయాన్నే, మా ఇంటి కూర్మా, చేపల పులుసు కాదు. ఒక్కొక్క బొమ్మ తెచ్చి ఈ గదిలో పాతింది, చెరువు గర్భంలో గట్టు వేసి ముందుకు జరుపుకుంటూ వచ్చినట్టు. ఈ సైకిలు తెచ్చినప్పుడు ఆదివారాలు ఆవిడవి అయ్యాయి. ఈ డేరా ఇల్లు తెచ్చినప్పుడు దసరా సెలవులు. విజయనగరం సిరిమాను పండక్కి తీసుకెళ్లి ఈ ఎలుగుబంటిని కొనిచ్చి పంపింది, ఆ తర్వాత పిల్ల నా పక్కలో పడుకోవడం మానేసింది, ఎలుగుబంటిని కావలించుకుని ఇక్కడే చాప మీద పడుకుంటానంది. నువ్వే కదరా దొంగ వెధవా. రా, నీ పని చెప్తాను. మోకాలితో నొక్కి, పురికొస వేసి మూతి బిగించేశాను. చెవి ఒకటి బయటికి వచ్చింది, రానీ.

అయిపోయింది. బస్తాలన్నీ ఈడ్చి హాల్లో వరసగా పెట్టాను, డేరా మడత పెట్టాను, సైకిలు గోడకి జారేశాను, స్టిక్కరు కూడా గోరుతో గీకి గీకి పీకాను, కోటలో సగం ఊడింది, సగం గోడకే ఉండిపోయింది. చీపురు పెట్టి ఊడిస్తే గదిలో మిగిలినవేమిటి? చాప. కొన్ని నాగావళి గులకరాళ్లు. సోడా మూతలు. నా జాకెట్టు గుడ్డ ముక్కలు పిల్ల ఎప్పుడు ఎత్తుకొచ్చిందో తెలియదు, మూటకట్టి మూలన పెట్టుకుంది. నేను కొన్నది ఒక్కటీ లేదు. వెతికాను. పలక కొన్నాను, విరిగిపోయింది. బంతి కొన్నాను, ఏ మేడ మీదో ఉంటుంది. కొనాల్సిన అవసరం ఏముంది, అన్నీ ఉన్నాయిగా అనుకునేదాన్ని, అన్నీ ఆవిడే తెస్తుందిగా అనుకునేదాన్ని. చెప్పులు లేకుండా నిలబడితే నేల చల్లగా ఉంది. గది ఎంత పెద్దదో. దగ్గితే గోడలు దగ్గుతున్నాయి. బాగుంది, ఇలాగే ఉండాలి, రేపు పొద్దున్నే మిషను లోపలికి తెచ్చి కిటికీ దగ్గర వేసుకుంటాను, వెలుతురులో కూర్చుని కుట్టుకుంటాను, ఎవడొచ్చి ఏం పీకుతాడో చూస్తాను.

ఫోను. ఆయనే. "వస్తన్నామే. అక్క ఖాజా కొనాలంటే ఆగినాం. కాఫీకి పాలు ఉన్నాయా?" ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. రండి. ఏమనాలో అన్నీ సర్దుకున్నాను, వదినా నీ దయ చాలు, నీ బొమ్మలు నువ్వు పట్టుకెళ్లు, కాదు, అంత మెత్తగా కాదు, నీ ఇద్దర్నీ నువ్వు పెంచుకోలేక హాస్టల్లో పడేశావు, మూడోదాన్ని ఏం పెంచుతావు, ఇది బాగుంది, ఇది గుచ్చుకుంటుంది. బండి చప్పుడు. గేటు. వదిన చెప్పులు విప్పుతూనే హాల్లో బస్తాలు చూసింది. నేను నోరు తెరిచేలోపే మొహమంతా విచ్చుకుంది.

"ఓలమ్మ ఓలమ్మ! అన్నీ సర్దీసినావేటే శైలూ? నువ్వు ఏడ్సి రబస సేస్తావని దారంతా నానూ నీ మొగుడూ బెంగెట్టుకున్నాం. ఒరే తమ్ముడూ, ఇయ్యి బస్సులో పట్టవురా, ఓ ఆటో మాటాడు."

మా ఆయన మొహం చూడాలి. గండం గడిచిందన్నట్టు ఊపిరి వదిలాడు. గంట సేపు నడుం విరిగేలా చేసిన పని ఆవిడకి ప్రయాణం మూటలైపోయింది. "ఇయ్యి పిల్ల సామాన్లు కావు వదినా, నీ సామాన్లు. నీ ఇంటికి పట్టుకెళ్లిపో. పిల్ల రాదు" అన్నాను. అనుకున్నంత గట్టిగా రాలేదు. వదిన నవ్వు ఆపలేదు. అప్పుడే బండి చప్పుడు విని శ్రావణి పరిగెత్తుకుంటూ వచ్చింది, కొన్నమ్మా అని చేతులు చాపి వచ్చిందల్లా బస్తాల దగ్గర ఆగిపోయింది. బయటికొచ్చిన ఆ చెవిని ముట్టుకుంది. గదిలోకి వెళ్లింది. మేం ముగ్గురం ఆ గుమ్మం వైపే చూస్తున్నాం. తిరిగొచ్చి ఎలుగుబంటి బస్తా ఎక్కి కూర్చుంది.

"నా గది కాళీ సేసీసినావు" అంది. ఏడవలేదు, ఏడిస్తే బాగుండును. "మరి నానెక్కడుంతాను?"

"మనింట్లో ఉంతావే తల్లీ," అని వదిన చెయ్యి చాపింది, "కొన్నమ్మ కాడ దీనికి రెండింతల గదున్నాది. బొమ్మలన్నీ అక్కడే పెట్టుకుందాం, దా." పిల్ల బస్తా దిగింది. ఆ చేతి వైపే ఒక అడుగు వేసింది. నేనే పంపించేస్తున్నాను. ఎవరో లాక్కుపోవడం లేదు, గంట సేపు కూర్చుని, దుమ్ము దులిపి, నా చేతులతో నేనే మూటకట్టి పంపించేస్తున్నాను, మూతి కూడా నేనే బిగించాను. పురికొస ముడి రాలేదు. పంటితో తెంపాను. బస్తాని గదిలోకి ఈడ్చుకెళ్లి అడుగు పట్టుకుని తిరగేశాను, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, వంటింటి సెట్టు, ఇంజను లేని రైలు, పజిలు ముక్కలు నేలంతా పారాయి, ఐ లవ్ యూ అంటూ ఆ దిక్కుమాలిన బొమ్మ చాప మీద దొర్లింది. ఉండండి. అందరూ ఇక్కడే ఉండండి. శ్రావణి గుమ్మంలో నిలబడి చూసింది, చూసి, "అమ్మా, ఈ మూత దీనిది కాదు" అని గదిలోకి వచ్చి గిన్నెల మీద పడింది.

"ఏటే నీ ఏసాలు?" వదిన నవ్వు ఇప్పుడు లేదు. నేను ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మొహం నవ్వు లేకుండా చూడటం ఇదే మొదలు. "ఒరే, సెప్పరా నీ పెళ్లానికి. నాను ఆ గుంటని కొన్నాను. అమ్మ సేతుల మీదగా, అందరూ సూస్తండగా, తవుడిచ్చి కొన్నాను. అది నా పిల్ల."

మా ఆయన గోడ వైపు చూశాడు. అక్క ఏటనుకుంతాదోనని కాబోలు. అత్తగారి గొంతు నోరు మూసుకోవే అంటూనే ఉంది, పిల్ల నా కాళ్ల దగ్గర కూర్చుని గిన్నెకి మూత వెతుకుతూ ఉంది, వినేవాళ్లు వింటారు, విననీ, వచ్చేవాళ్లు రానీ, గుమ్మంలో నేను నిలబడి ఉన్నాను.

"నా పిల్ల" అన్నాను. ఏమీ కాలేదు. పిల్ల తల కూడా ఎత్తలేదు. ఇంకా గట్టిగా అన్నాను. "అది నా పిల్ల వదినా. నువ్విచ్చిన తవుడు ఆ సాయంత్రమే మీయమ్మ కుడితిలో కలిపి ఆవుకి పెట్టీసింది. ఆ పాలు మేవందరం తాగినాం. మర్నాడు నువ్వూ కాఫీ తాగినావు, పాలు సిక్కగున్నాయని ఇంకో గ్లాసు అడిగి మరీ తాగినావు. నీ బేరం అక్కడితో సరిపోయింది. ఇప్పుడు కూడా పెడతాను కూకో, తాగి, సీకటి పడకముందే బస్సెక్కు."